చీరల సూట్‌కేసు నుంచి సెల్లర్స్ పర్మిట్ దాకా: కాలిఫోర్నియా సేల్స్ టాక్స్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండియా వెళ్ళొచ్చినప్పుడల్లా రెండు సూట్‌కేసుల నిండా మంగళగిరి, గద్వాల, వెంకటగిరి చీరలు తెచ్చి, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి, శనివారం మధ్యాహ్నం హాల్లో దుప్పటి పరిచి అమ్మేవాళ్ళు బే ఏరియాలో మనకు తెలిసినవాళ్ళలోనే నలుగురైనా ఉంటారు. పచ్చళ్ళవాళ్ళు, బ్లౌజులు కుట్టేవాళ్ళు, దీపావళి మేళాల్లో స్టాలు పెట్టేవాళ్ళు వేరే. నేను ఇలాంటి చిన్న వ్యాపారాలకు లెక్కలు రాసిపెడుతుంటాను. ఫోన్ చేసినవాళ్ళంతా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇదంతా కాలిఫోర్నియా సంగతి. ఇంకో రాష్ట్రంలో ఉంటే అక్కడి నియమాలు వేరు. నేను లాయర్‌ని కాను, పెద్ద మొత్తాలు ఇరుక్కున్నప్పుడు సీపీఏని, అంటే లైసెన్సున్న అకౌంటెంట్‌ని, కలవండి.

సెల్లర్స్ పర్మిట్ అంటే ఏమిటి? ఎవరిస్తారు?

వస్తువులు అమ్మడానికి, ఆ అమ్మకాల మీద పన్ను లెక్క చెప్పి కట్టడానికి రాష్ట్రం దగ్గర చేసుకునే నమోదు. ఇచ్చేది కాలిఫోర్నియా డిపార్ట్‌మెంట్ ఆఫ్ టాక్స్ అండ్ ఫీ అడ్మినిస్ట్రేషన్, పొట్టిగా సీడీటీఎఫ్ఏ. ఈ శాఖ 2017 జూలై 1న మొదలైంది. సరిగ్గా అదే రోజు ఇండియాలో జీఎస్టీ వచ్చింది, కాకతాళీయమే అనుకోండి. అంతకుముందు ఈ పని బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్ చూసేది. అందుకే పాత దుకాణాలవాళ్ళు ఇప్పటికీ 'బీఓఈ పర్మిట్' అంటుంటారు. అమ్మకం పన్ను మాత్రం ఇంకా పాతది. మహా మాంద్యం రోజుల్లో, 1933లో, రెండున్నర శాతంతో మొదలైంది.

ఇన్‌కం టాక్స్ చూసే ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు వేరే శాఖ. అక్కడ రిటర్న్ వేశాను కాబట్టి ఇక్కడా అయిపోయింది అనుకునేవాళ్ళు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు తగులుతారు.

ఇది మన జీఎస్టీ లాంటిదేనా?

కాదు. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

జీఎస్టీలో సరుకు చేతులు మారిన ప్రతిసారీ పన్ను పడుతుంది. మీరు కొన్నప్పుడు కట్టినది, అమ్మినప్పుడు వసూలు చేసినదాంట్లోంచి తీసేసుకుంటారు. దాన్నే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటున్నాం. ఇక్కడ ఆ క్రెడిట్ వ్యవహారం లేదు. పన్ను ఒక్కసారే పడుతుంది, అదీ చివర్లో, వాడుకునే మనిషికి అమ్మినప్పుడు. హోల్‌సేల్ వ్యాపారి మీకు 60 డాలర్లకు చీర ఇచ్చాడు. మీరు 100కి అమ్మారు. 60 మీద పన్ను లేదు, 100 మీద మొత్తం పన్ను మీరే లెక్క కట్టాలి. హోల్‌సేల్ వ్యాపారి మీ దగ్గర పన్ను తీసుకోకుండా ఉండాలంటే మీరు వాడుకోవడానికి కాదు, మళ్ళీ అమ్మడానికే కొంటున్నారని అతని దగ్గర ఒక కాగితం ఉండాలి. అదే రీసేల్ సర్టిఫికెట్. దాని గురించి కింద విడిగా చెబుతాను.

రెండో తేడా: చట్టం ప్రకారం ఇక్కడ సేల్స్ టాక్స్ భారం అమ్మేవాళ్ళది. కస్టమర్ దగ్గర ఆ మొత్తం రాబట్టుకోవడం మీకున్న వెసులుబాటు. రాబట్టుకోకపోయినా సర్కారుకు కట్టాల్సింది మీరే. 'మా ఫ్రెండ్సే కదా, టాక్స్ ఎలా అడుగుతాం' అని మొహమాటపడితే ఆ మొహమాటం ఖరీదు మీ జేబులోంచే పోతుంది.

మూడోది, ఇండియాలో నమోదు అక్కర్లేకుండా ఇన్ని లక్షల దాకా అమ్ముకోవచ్చని ఒక హద్దుంది. కాలిఫోర్నియాలో ఉండి అమ్మేవాళ్ళకు అలాంటి కనీస మొత్తం ఏదీ లేదు.

ఏడాదికి ఒకటి రెండుసార్లే అమ్ముతాను. నాకూ పర్మిట్ కావాలా?

అప్పుడప్పుడు చేసే అమ్మకాలకు మినహాయింపు ఉంది. ఇల్లు మారుతూ సోఫా, డైనింగ్ టేబుల్ అమ్మేసినా, ఏడాదిలో ఒకటి రెండు గరాజ్ సేల్స్ పెట్టినా పర్మిట్ అక్కర్లేదు. 12 నెలల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువ అమ్మకాలు, చెప్పుకోదగ్గ మొత్తాల్లో చేస్తే మీరు వ్యాపారి కిందే లెక్క.

ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు. 'నేను పెట్టేది ఏడాదికి రెండే సేల్స్' అంటారు. కానీ ఒక్క మధ్యాహ్నం నలభై చీరలు అమ్మితే అవి నలభై అమ్మకాలు. పైగా అమ్మడానికే కొని తెచ్చిన సరుకు అది. వాడిన సోఫాతో పోల్చుకోకూడదు. దీపావళికి ముందు ఒక నెల మాత్రమే అమ్మేవాళ్ళకు తాత్కాలిక పర్మిట్ ఉంది. ఒకచోట 90 రోజులు మించకుండా అమ్మితే అది సరిపోతుంది.

ఎలా తీసుకోవాలి? ఎంతవుతుంది?

సీడీటీఎఫ్ఏ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే. ఫీజు లేదు. కొన్ని సందర్భాల్లో ముందుజాగ్రత్తగా డిపాజిట్ అడగొచ్చు, చిన్న వ్యాపారాలకు ఆ అవసరం అరుదు. గూగుల్‌లో వెతికితే పైన కనిపించే కొన్ని సైట్లు 'పర్మిట్ ఇప్పిస్తాం' అని డబ్బు తీసుకుంటాయి. ఊరికే వచ్చేదానికి మీరెందుకు కట్టాలి? సైట్ పేరు చివర సర్కారు డొమైన్ (.gov) ఉందో లేదో చూసుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి: సోషల్ సెక్యూరిటీ నంబరు లేదా ఐటిన్ (అది లేనివాళ్ళకు ఇచ్చే పన్ను నంబరు), డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు వివరాలు, సరుకు ఎవరి దగ్గర కొంటారో వాళ్ళ పేర్లు, నెలకు సుమారు ఎంత అమ్ముతారో అంచనా. ఇంటి అడ్రసు ఇవ్వొచ్చు. అమ్మకాల అంచనా దగ్గర గొప్పలకు పోకండి. రిటర్న్ ఏడాదికోసారి వేయాలా, మూడు నెలలకోసారా, నెలనెలానా అన్నది దాన్ని చూసే నిర్ణయిస్తారు. రెండు దుకాణాలుంటే రెండింటికీ నమోదు కావాలి. పర్మిట్‌ను దుకాణంలో అందరికీ కనిపించేలా పెట్టాలి.

పర్మిట్ ఉంటే ఇక ఏ లైసెన్సూ అక్కర్లేదా? వీసా సంగతేంటి?

సిటీ బిజినెస్ లైసెన్సు వేరు, కౌంటీలో వ్యాపారం పేరు నమోదు వేరు, ఆహారమైతే హెల్త్ డిపార్ట్‌మెంట్ అనుమతి వేరు. ఇది వాటి బదులు పనిచేయదు. వీసా అంతకన్నా వేరు. హెచ్1బీ మీదున్నవాళ్ళకు పర్మిట్ వచ్చిందంటే వ్యాపారం చేసుకోవడానికి ఇమ్మిగ్రేషన్ ఒప్పుకుందని అర్థం కాదు. ఆ శాఖకు, ఈ శాఖకు సంబంధం లేదు. ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి, తర్వాత చీరలు కొనండి.

పన్ను ఎంత శాతం?

రాష్ట్రమంతటా కనీసం 7.25 శాతం. ఇందులో 6 రాష్ట్రానిది, 1.25 స్థానిక ప్రభుత్వాలది. దీనిపైన ఊరినిబట్టి, కౌంటీనిబట్టి డిస్ట్రిక్ట్ టాక్సులు కలుస్తాయి. బస్సులకనో రోడ్లకనో ఆసుపత్రులకనో ఓటేసి పెంచుకున్నవి. కొన్ని ఊళ్ళలో మొత్తం 10 శాతం దాటింది. రోడ్డుకు ఇటుపక్క ఒక రేటు, అటుపక్క ఇంకో రేటు ఉండటం ఇక్కడ మామూలే. జిప్ కోడ్ చూసి లెక్కేయొద్దు, ఒక్కో జిప్ రెండు ఊళ్ళలోకి వస్తుంది. సీడీటీఎఫ్ఏ సైట్‌లో అడ్రసు కొడితే రేటు చూపిస్తుంది. రేట్లు మామూలుగా క్వార్టర్ (మూడు నెలల కాలం) మొదటి రోజున మారుతుంటాయి కాబట్టి పోయినేడాది రాసిపెట్టుకున్న అంకెను నమ్ముకోవద్దు.

రీసేల్ సర్టిఫికెట్ ఎలా వాడాలి?

పర్మిట్ వచ్చాక మీరు హోల్‌సేల్ వ్యాపారికి సంతకం చేసి ఇచ్చే కాగితం ఇది. సర్కారు ఇచ్చే సర్టిఫికెట్ కాదు, మీరే నింపుతారు. సీడీటీఎఫ్ఏ-230 అనే నమూనా ఉంది. మీ పేరు, అడ్రసు, పర్మిట్ నంబరు, ఏం కొంటున్నారో వివరం, మళ్ళీ అమ్మడానికే అన్న మాట, తేదీ, సంతకం ఉంటే చాలు. ఒకసారి ఇస్తే ఆ వ్యాపారి దగ్గర అది కొనసాగుతుంది. మీ దగ్గర ఎవరైనా హోల్‌సేల్‌గా కొంటే మీరూ వాళ్ళ దగ్గర ఇలాంటిదే తీసుకుని దాచుకోవాలి. తీసుకోకపోతే ఆ అమ్మకం మీద పన్ను మీ నెత్తికే చుట్టుకుంటుంది.

దీంతో ఆశ పుట్టడం సహజం. పర్మిట్ ఉంది కదా అని ఇంట్లోకి టీవీ, పిల్లలకు లాప్‌టాప్ పన్ను లేకుండా కొనేద్దామనిపిస్తుంది. అలా తెలిసి చేస్తే ప్రతి కొనుగోలుకూ పన్నులో 10 శాతం లేదా 500 డాలర్లు, ఏది ఎక్కువైతే అది జరిమానా. నేరం కూడా. దుకాణంలో వాడే సంచులు, గాజుల స్టాండ్ల సంగతి చాలామంది అడుగుతారు. కస్టమర్‌కు సరుకు పెట్టి ఇచ్చే సంచి రీసేల్ కిందకు వస్తుంది. గాజులు తగిలించే స్టాండ్ మీరు వాడుకునే వస్తువు, దానికి పన్ను కట్టాలి.

అమ్మడానికి తెచ్చిన చీర నేనే కట్టుకుంటే?

అందరికీ నవ్వొచ్చే ప్రశ్న, అందరూ చేసే పని. పన్ను లేకుండా కొన్న సరుకులోంచి సొంతానికి తీసుకున్నా, ఆడపడుచుకు పెట్టినా, మీరు కొన్న ధర మీద యూజ్ టాక్స్ (పన్ను లేకుండా కొని వాడుకున్నవాటి మీద పడే పన్ను) కట్టాలి. రిటర్న్‌లో దానికో గడి ఉంది. అమ్మే ధర మీద కాదు, కొన్న ధర మీద, అదొక్కటే ఊరట. బొమ్మకు కట్టి కిటికీలో పెడితే అది ప్రదర్శన, దానికి పన్ను లేదు. మీరు కట్టుకుని పెళ్ళికి వెళ్ళి 'ఇది నా దగ్గర దొరుకుతుంది' అని అందరికీ చెప్పినా అది ప్రదర్శన అనిపించుకోదు!

పచ్చళ్ళు, సున్నుండలు, బిర్యానీ: దేనికి పన్ను?

మనుషులు తినే ఆహారానికి మామూలుగా పన్ను లేదు. సీసాలో ఆవకాయ, ప్యాకెట్ జంతికలు, సున్నుండలు, కందిపొడి, బియ్యం, పప్పు వేటికీ లేదు. ఒకప్పుడు ఇక్కడ చిరుతిళ్ళ మీదా పన్నేశారు. 1991లో మొదలైతే జనం ఊరుకోలేదు. 1992 నవంబరులో ఓటేసి తీసేయించారు. ఆ పుణ్యాన ఈరోజు మీ చేగోడీలు పన్ను లేకుండా అమ్ముడుపోతున్నాయి.

పన్ను పడేవి: వేడివేడిగా అమ్మే వంట. బిర్యానీ, ఇడ్లీ, వేడి సమోసా. వేడిగా అమ్మాలని చేసింది కొనేవాడి చేతికొచ్చేసరికి చల్లారినా పన్ను పడుతుంది. మీ దగ్గర బల్లలు, కుర్చీలు వేసి అక్కడే తినడానికి పెట్టినవాటికి పన్ను. టికెట్ కొని లోపలికి రావాల్సిన చోట తినడానికి అమ్మితే చల్లటి వంటకానికైనా పన్ను. సోడా, కూల్‌డ్రింకులకు పన్ను. కేటరింగ్‌లో వడ్డించే మనుషుల చార్జీతో సహా పన్నే. ఇవన్నీ పాటించడంకంటే గుర్తుపెట్టుకోవడమే కష్టం.

రెస్టారెంట్లకు ఇంకో మెలిక ఉంది, 80-80 అంటారు. మీ అమ్మకాల్లో 80 శాతం పైన ఆహారమే అయి, ఆ ఆహారంలో 80 శాతం పైన పన్ను పడేదే అయితే, ఇంటికి పట్టుకెళ్ళే చల్లటి పెరుగన్నం, రసగుల్లా వగైరాలకు కూడా పన్ను పడొచ్చు. వాటిని విడిగా లెక్క పెట్టుకుంటే తప్పించుకోవచ్చు. బిల్లింగ్ మెషీన్‌లో 'చల్లటివి, పార్సిల్' అని ఒక బటన్ పెట్టించుకుంటే సరిపోయే పని. పెట్టించుకోనివాళ్ళే ఎక్కువ.

ఇంక పన్ను పడని ఆహారం మాత్రమే అమ్మితే సెల్లర్స్ పర్మిట్ అవసరం రాదు. కానీ ఇంట్లో చేసి అమ్మడానికి కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ అనుమతి కావాలి. 2013 నుంచి కాటేజ్ ఫుడ్ చట్టం ఉంది. ఏ వంటకాలు దాని కిందకు వస్తాయో ఒక జాబితా ఉంటుంది. పచ్చడి పెట్టేముందు ఆ జాబితా చూడండి.

బ్లౌజులు కుడతాను. బట్ట వాళ్ళే తెస్తారు. నాది సర్వీసే కదా?

నేనూ అలాగే అనుకున్నాను. కాలిఫోర్నియాలో మామూలు సర్వీసులకు సేల్స్ టాక్స్ లేదు. మెహెందీ, పూజ చేయించడం, కూచిపూడి క్లాసులు వేటికీ లేదు. కానీ కొత్త వస్తువు తయారు చేసిపెట్టడం సర్వీసు కిందకు రాదు. బట్ట ఎవరిదైనా, ముక్క గుడ్డలోంచి బ్లౌజు తయారైంది కాబట్టి కుట్టుకూలి మీద పన్ను ఉంది. కొత్త బట్టల్ని సరిచేసినా అంతే, కాబట్టి కొత్త చీరకు ఫాల్, పికో వేయడం కూడా ఇందులోకే వస్తుంది. వాడిన బట్టలకు రిపేరు చేసినా, పాత బ్లౌజు వదులు చేసినా కూలికి పన్ను లేదు. అందుకని బిల్లులో 'కొత్తది', 'వాడినది' అని ఒక్క మాట రాసుకోండి. టైలర్లకు నేను చెప్పే సలహా ఇదొక్కటే.

మేళాలో స్టాలు పెడితే ఏ రేటు? నిర్వాహకులు పర్మిట్ నంబరు ఎందుకడుగుతున్నారు?

స్టాలు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి రేటు. మీ ఇంటి రేటుతో పనిలేదు. ఇక నిర్వాహకులు అడిగేది కుతూహలంతో కాదు. అమ్మేవాళ్ళందరి దగ్గరా పర్మిట్ ఉందో లేదో చూసి రాసిపెట్టుకోవడం వాళ్ళ మీదున్న బాధ్యత. దానికో ఫారం ఉంది. పర్మిట్ అక్కర్లేని సరుకైతే ఎందుకక్కర్లేదో అందులోనే రాసి సంతకం చేయొచ్చు. పక్క స్టాలు వాళ్ళ నంబరు అరువడిగి రాయొద్దు. ఇది సరదాకి చెప్పడం లేదు, జరుగుతున్నదే.

గుడిలో పెట్టే స్టాలుకు, గుడి నడిపే క్యాంటీన్‌కు పన్ను ఉందా?

లాభాపేక్ష లేని సంస్థ అయినంత మాత్రాన సేల్స్ టాక్స్ మినహాయింపు దానంతటదే రాదు. గుడి విగ్రహాలు, పుస్తకాలు, కుంకుమ భరిణెలు అమ్మితే పన్ను ఉంది. అయితే మతసంస్థ తన కార్యక్రమాలకు డబ్బు కూడబెట్టడానికి తానే జరిపే సమావేశాల్లో అమ్మే భోజనాలకు మినహాయింపు ఉంది. బయటి కేటరర్ వచ్చి గుడి ఆవరణలో తన లాభానికి అమ్ముకుంటే ఆ మినహాయింపు అతనికి రాదు.

ఆన్‌లైన్‌లో అమ్మితే?

ఎట్సీ, అమెజాన్ లాంటి పెద్ద వేదికలమీద అమ్మితే 2019 అక్టోబరు 1 నుంచి పన్ను వసూలు చేసి కట్టే బాధ్యత ఆ వేదికదే. మీ మొత్తం అమ్మకాలు వాళ్ళ ద్వారానే అయితే మామూలుగా మీకు విడిగా పర్మిట్ అక్కర్లేదు. వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుని జెల్ (Zelle) ద్వారా నేరుగా బ్యాంకులో డబ్బు వేయించుకుంటే అక్కడ వేదిక ఎవరూ లేరు, మీరే.

వేరే రాష్ట్రానికి కొరియర్‌లో పంపిన చీరకు కాలిఫోర్నియా పన్ను లేదు, పంపినట్టు రసీదు దాచాలి. ఆ రాష్ట్రం పన్ను మీరు వసూలు చేయాలా అన్నది వేరే ప్రశ్న. 2018 జూన్ 21న వేఫేర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా దుకాణమో గోడౌనో మనుషులో ఆ రాష్ట్రంలో లేకపోతే వసూలు చేయక్కర్లేదు. ఇప్పుడు అమ్మకాలు ఒక హద్దు దాటితే చేయాలి. బయటి రాష్ట్రాల నుంచి కాలిఫోర్నియాకు అమ్మేవాళ్ళకు ఆ హద్దు ఏడాదికి 5 లక్షల డాలర్లు. ఇంట్లోంచి అమ్మేవాళ్ళు ఇంకో రాష్ట్రంలో ఆ స్థాయికి చేరడం తక్కువ. చేరితే టెన్షన్ పడండి, సంతోషం కూడా పడండి.

కొరియర్ చార్జీ బిల్లులో విడిగా చూపి, అసలు ఖర్చుకు మించకుండా తీసుకుంటే దానిమీద పన్ను లేదు. 'ప్యాకింగ్ చార్జీ' అని కలిపితే ఆ భాగానికి ఉంది.

టాక్స్ కలిపి గుండు అంకె చెప్పొచ్చా?

చెప్పొచ్చు. ధరల్లో సేల్స్ టాక్స్ కలిసే ఉందని బోర్డు పెట్టాలి, లేదా బిల్లుమీద రాయాలి. తర్వాత వెనక్కి లెక్క కట్టుకోవాలి. రేటు 10.25 శాతం అనుకుంటే 1,102.50 డాలర్లు వచ్చినప్పుడు దాన్ని 1.1025తో భాగిస్తే అసలు అమ్మకం 1,000, పన్ను 102.50. వచ్చిన మొత్తంలో 10.25 శాతం తీస్తే ఎక్కువ కట్టినట్టే. బేరాలాడే మనవాళ్ళ దగ్గర ఈ పద్ధతే హాయి. '85కి ఇచ్చేయండి' అన్నాక పైన పన్ను అడిగే ధైర్యం నాకైతే ఎప్పుడూ లేదు.

రిటర్న్ ఎప్పుడు వేయాలి? ఈ మూడు నెలలు ఏమీ అమ్మలేదు.

అమ్మకపోయినా సున్నా రిటర్న్ వేయాల్సిందే. మూడు నెలలకోసారి వేసేవాళ్ళకు గడువులు ఏప్రిల్ 30, జూలై 31, అక్టోబరు 31, జనవరి 31. సంక్రాంతి హడావుడిలో జనవరి 31, వేసవిలో ఇండియా వెళ్ళినప్పుడు జూలై 31 మరిచిపోతారు. రిటర్న్ ఆలస్యమైనా, డబ్బు ఆలస్యమైనా పన్నుమీద 10 శాతం జరిమానా, పైన వడ్డీ. పన్ను పడే అమ్మకాలు సగటున నెలకు 17,000 డాలర్లు చేరితే క్వార్టర్ మధ్యలోనే ముందస్తుగా కట్టమంటారు.

అరువుకిచ్చాను, డబ్బు ఇంకా రాలేదు. పన్ను ఆగుతుందా?

ఆగదు. చీర చేతికిచ్చిన క్వార్టర్‌లోనే అమ్మకం లెక్కలోకి వస్తుంది. డబ్బు ఎప్పటికీ రాదని తేలి, లెక్కల్లో మొండిబాకీగా కొట్టేస్తే అప్పుడు తగ్గించుకోవచ్చు. రెండు విడతల్లో ఇస్తామనే అక్కలకు సరుకిచ్చేముందు కనీసం పన్ను మొత్తమైనా మొదటి విడతలో తీసుకోండి.

వసూలు చేసిన పన్ను డబ్బు సరుకు కొనడానికి వాడేశాను. ఇప్పుడేం చేయాలి?

నేనూ ఒకసారి ఈ తప్పు చేశాను. స్నేహితురాలితో కలిసి ఉగాదికి స్టాలు పెట్టాం. బాగా అమ్ముడుపోయింది. ఆ డబ్బంతా ఒకే ఖాతాలో ఉంటే అంతా మాదే అనిపించి పోచంపల్లి చీరలకు అడ్వాన్సు పంపేశాం. ఏప్రిల్ 30 నాటికి ఖాతాలో పన్ను కట్టడానికి చాలినంత లేదు. క్రెడిట్ కార్డు గీకి కట్టాం, దానిమీద ఫీజు అదనం. అప్పటినుంచి పన్ను కోసం వేరే ఖాతా పెట్టుకున్నాను. స్టాలు మూసిన రాత్రే అందులోకి వేసేస్తాను.

మీరు ఇప్పటికే ఆ స్థితిలో ఉంటే రిటర్న్ గడువులోగా వేయండి, కట్టగలిగినంత కట్టండి, మిగతాదానికి వాయిదాల ఏర్పాటు అడగండి. అడిగితే చాలాసార్లు ఇస్తారు. దాక్కోవడం మాత్రం వద్దు. కస్టమర్ దగ్గర వసూలు చేసిన పన్ను తెలిసి కట్టకుండా ఉంచుకుంటే, ఆ మొత్తం చట్టంలోని హద్దు దాటినప్పుడు, జరిమానా 40 శాతం దాకా ఉంది.

ఎల్ఎల్‌సీ (వ్యాపారం అప్పులు సొంత ఆస్తికి అంటకుండా పెట్టుకునే కంపెనీ) ఉంది కదా, బాకీ నా మీదకు రాదుగా?

రావచ్చు. వ్యాపారం మూతపడ్డాక, పన్ను కట్టే బాధ్యత ఎవరి చేతుల్లో ఉందో, తెలిసే కట్టకుండా వదిలేసింది ఎవరో చూసి, వాళ్ళ సొంత ఆస్తి మీదకు రావడానికి చట్టంలో దారి ఉంది. నలుగురు సాఫ్ట్‌వేర్ మిత్రులు కలిసి రెస్టారెంట్ పెట్టి, 'లెక్కలు వాడు చూసుకుంటాడు' అని చెక్కులమీద సంతకాలు మాత్రం చేసేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. ఇంకో సంగతి, సొంత పేరుమీదున్న వ్యాపారాన్ని ఎల్ఎల్‌సీగా మారిస్తే కొత్త పర్మిట్ తీసుకోవాలి. పాతది బదిలీ కాదు.

నడుస్తున్న ఇండియన్ గ్రోసరీ కొంటున్నాను. ఏం చూడాలి?

పాత యజమాని సేల్స్ టాక్స్ బాకీలు కొన్నవాళ్ళ మీద పడతాయి, కొన్న ధర మేరకు. కాబట్టి డబ్బు పూర్తిగా ఇచ్చేముందు సీడీటీఎఫ్ఏ నుంచి టాక్స్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగండి. అది వచ్చేదాకా తగినంత మొత్తం ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో, ఆపండి. అమ్మేవాళ్ళు 'మనవాళ్ళమే, నమ్మకం లేదా' అంటారు. నమ్మకం ఉన్నా ఆపండి. ఫ్రిజ్‌లు, అరలు, బిల్లింగ్ మెషీన్ల ధర మీద కూడా పన్ను ఉంది, ఒప్పందంలో వాటి విలువ విడిగా రాయించుకోండి. అమ్మడానికి ఉన్న సరుకుకు రీసేల్ సర్టిఫికెట్ ఇస్తే సరిపోతుంది.

నేనేమీ అమ్మను. హైదరాబాద్‌లో కొన్న నగకు ఇక్కడ పన్నా?

యూజ్ టాక్స్ అని ఒకటుంది. పన్ను లేకుండా బయట కొని ఇక్కడ వాడుకునేవాటికి వర్తిస్తుంది. విదేశంలో కొని మీరే చేత్తో పట్టుకొచ్చిన సరుకులో 30 రోజుల వ్యవధికి మొదటి 800 డాలర్ల దాకా కాలిఫోర్నియాలో మినహాయింపు. పార్సిల్‌లో తెప్పించుకుంటే ఆ మినహాయింపు లేదు. రాష్ట్ర ఇన్‌కం టాక్స్ రిటర్న్‌లో దీనికో వరుస ఉంది. అందరూ సున్నా వేసి వెళ్ళిపోయే వరుస అది. కస్టమ్స్ సుంకం దీనికి సంబంధం లేని వేరే లెక్క.

ఆడిట్ వస్తే ఏం చూస్తారు?

రిటర్నులు వేసినవాళ్ళకు సాధారణంగా మూడేళ్ళు వెనక్కి వెళ్తారు. అసలు వేయనివాళ్ళకు ఎనిమిదేళ్ళు. బ్యాంకులో పడ్డ డబ్బు, కార్డు కంపెనీలు మీకొచ్చిన చెల్లింపులు చూపిస్తూ పంపే 1099-కే (1099-K) ఫారం, మీరు కొన్న సరుకు బిల్లులు, మీరు చూపిన అమ్మకాలు పక్కపక్కన పెడతారు. రెండు వేల డాలర్ల సరుకు కొని పదిహేను వందల అమ్మకం చూపితే అక్కడే దొరికిపోతారు. లెక్కలు నాలుగేళ్ళు దాచాలి. వాట్సాప్ చాట్లు డిలీట్ చేసేముందు ఆర్డర్లు ఒక షీట్‌లో ఎక్కించుకోండి. పన్ను వేస్తూ నోటీసు వస్తే అభ్యంతరం చెప్పడానికి 30 రోజులే గడువు. అక్కడా తేలకపోతే ఆఫీస్ ఆఫ్ టాక్స్ అప్పీల్స్ ఉంది, 2018 నుంచి.

వ్యాపారం మానేసి టెక్సాస్ వెళ్ళిపోతున్నాం. పర్మిట్ వదిలేస్తే సరిపోతుందా?

వదిలేస్తే అది తెరిచే ఉంటుంది, రిటర్నులు అడుగుతూనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో మూసేయాలి, చివరి రిటర్న్ వేయాలి, మిగిలిన చీరలు ఏమయ్యాయో చెప్పాలి. మీ బీరువాలోకి చేరితే వాటి కొన్న ధర మీద యూజ్ టాక్స్ ఉంటుందని పైన చెప్పుకున్నాం. టెక్సాస్‌లో కంప్ట్రోలర్ (అక్కడ పన్నులు చూసే అధికారి) దగ్గర కొత్త పర్మిట్ తీసుకోవాలి. అక్కడ రాష్ట్రానికి 6.25, స్థానికం 2 దాకా, అంతా కలిపి 8.25కి మించదు. న్యూజెర్సీ వెళ్ళేవాళ్ళు అదృష్టవంతులు, 6.625 శాతం రేటున్నా కట్టుకునే బట్టలకు పన్ను లేదు, ఎడిసన్‌లో పట్టుచీర కొన్నా సరే. ఒరెగాన్‌లో అసలు సేల్స్ టాక్సే లేదు. అక్కడికి వెళ్ళిన స్నేహితురాలు ఈ పేజీ అంతా చదివి 'ఇదంతా మీకెందుకే, ఇటొచ్చేయండి' అంది. కొనేవాళ్ళంతా ఇక్కడే ఉన్నారన్నాను.